ఊరి గ్రంథాలయంలో కంప్యూటర్: అవసరమైన సైట్లే తెరుచుకునేలా కట్టడి చేయడం ఎలా

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు గ్రంథాలయాల్లో, పంచాయతీ ఆఫీసుల్లో అందరి కోసం పెట్టే కంప్యూటర్ దగ్గరికి జనం ఎక్కువగా వచ్చేది ఉద్యోగ నోటిఫికేషన్, హాల్‌టికెట్, స్కాలర్‌షిప్, భూమి రికార్డు లాంటి పనుల మీదే. కట్టడి అనగానే చాలామందికి పాడు సైట్లు రాకుండా చేయడమే గుర్తొస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ముందు కూర్చున్న అమ్మాయి లాగిన్, ఆధార్ కాపీ, కులం సర్టిఫికెట్ ఆ తర్వాత కూర్చున్నవాళ్ల కంట పడటం. అందుకే రెండూ కావాలి: జాబితాలో ఉన్న సైట్లే తెరుచుకోవాలి, మనిషి లేచి వెళ్లగానే వాళ్ల ఆనవాళ్లన్నీ చెరిగిపోవాలి.

చెడ్డ సైట్ల పేర్లు ఒక్కొక్కటే రాసి ఆపుదామంటే ఎన్నటికీ తెగదు, రోజూ కొత్తవి పుడుతూనే ఉంటాయి. అన్నీ మూసేసి, కావలసినవి మాత్రమే తెరవాలి.

ముందు చూసుకోవాల్సినవి

విండోస్ ప్రో ఎడిషన్ ఉండాలి. హోమ్ ఎడిషన్‌లో కియోస్క్ సదుపాయమూ (మిషన్‌ను ఒక్క యాప్‌కే కట్టేసేది) ఉండదు, గ్రూప్ పాలసీ ఎడిటరూ (పాలసీలు, అంటే విండోస్, బ్రౌజర్ పాటించాల్సిన నియమాలు పెట్టేది) ఉండదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి పదకొండు ఎక్కించడం మేలు. మిషన్ పాతదై పదకొండుకు సరిపోకపోతే లినక్స్ వేసి, ఫైర్‌ఫాక్స్ పాలసీ ఫైల్లో ఇదే పద్ధతిలో అన్నీ మూసి కొన్ని తెరవొచ్చు. కింద చెప్పేది విండోస్, దాంతో వచ్చే ఎడ్జ్ బ్రౌజర్ గురించి.

విండోస్ కొత్తగా ఎక్కించి మొదలుపెట్టండి. పాత మిషన్‌నే వాడాల్సి వస్తే, రిపేరుకు వచ్చినవాళ్లు వదిలిపోయిన ఎనీడెస్క్ లాంటి, దూరం నుంచి మిషన్ నడిపే రిమోట్ సాఫ్ట్‌వేర్ ఉందేమో చూసి తీసేయండి. అది ఉన్నంతకాలం మీరు వేసే ఏ తాళానికీ అర్థం లేదు. అడ్మిన్ అకౌంట్‌కు పొడవైన పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి బీరువాలో ఉంచండి. మానిటర్ వెనుక చీటీ అంటించొద్దు.

బయోస్, క్యాబినెట్

పెన్‌డ్రైవ్ నుంచి వేరే సిస్టమ్ బూట్ చేస్తే విండోస్‌లో పెట్టిన కట్టడి ఏదీ పనిచేయదు. కాబట్టి బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మిషన్ సెట్టింగుల మెనూలో) సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టండి. బూట్ వరుసలో లోపలి డిస్క్ ఒక్కటే ఉంచి, యూఎస్‌బీ బూట్ ఆపేయండి. నమ్మకమైన సిస్టమ్‌నే మొదలుకానిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాలి. అదే మెనూలో, పోయిన కరెంటు తిరిగి రాగానే మిషన్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటే అదీ పెట్టండి.

డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో చాలావాటికి బటన్ సెల్ తీసినా, జంపర్ మార్చినా బయోస్ పాస్‌వర్డ్ పోతుంది. అందుకని క్యాబినెట్‌కు తాళం వేయాలి. డిస్క్‌లోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ వాడుతుంటే 48 అంకెల రికవరీ కీ ప్రింట్ తీసి దాచండి. బయోస్ మార్పుల తర్వాత మిషన్ ఆ కీ అడగొచ్చు, లేకపోతే డిస్క్ తెరుచుకోదు.

కియోస్క్ అకౌంట్

సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్ తెరిస్తే కియోస్క్ అని ఉంటుంది. గెట్ స్టార్టెడ్ నొక్కి, అకౌంట్‌కు పేరు పెట్టి, యాప్‌గా మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ ఎంచుకోండి. ఎలా వాడతారని అడిగినప్పుడు డిజిటల్ సైన్ కాకుండా పబ్లిక్ బ్రౌజర్ అన్నది ఎంచుకోవాలి. మొదటిదాంట్లో అడ్రస్ బార్ ఉండదు, ఒకటే పేజీ కనిపిస్తుంది. రెండోదాంట్లో అడ్రస్ బార్ ఉంటుంది, ఇన్‌ప్రైవేట్‌గా (హిస్టరీ దాచుకోకుండా) నడుస్తుంది, ఎండ్ సెషన్ బటన్ ఉంటుంది. అది నొక్కితే కుకీలు, లాగిన్లు, హిస్టరీ పోతాయి.

ఎవరూ ముట్టకుండా ఎన్ని నిమిషాలైతే సెషన్ తుడిచేయాలో ఇక్కడే అడుగుతుంది. మామూలుగా 5 ఉంటుంది. స్కాలర్‌షిప్ ఫారం నింపేవాళ్లు సర్టిఫికెట్ నంబర్లు వెతుక్కుంటూ, ఫోన్‌కు ఓటీపీ రావడం కోసం చూస్తూ కీబోర్డు వదిలేస్తారు. 5 నిమిషాలకే తుడిచేస్తే నింపినదంతా పోతుంది. 10 పెట్టండి. 20, 30 పెడితే మాత్రం లాగౌట్ కాకుండా వెళ్లినవారి పేజీ అంతసేపూ తెరిచే ఉంటుంది.

రీస్టార్ట్ చేయగానే మిషన్ నేరుగా ఈ అకౌంట్‌లోకి వెళ్తుంది. బయటికి రావాలంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి అడ్మిన్‌గా లాగిన్ కావాలి.

సైట్ల జాబితా

మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఎడ్జ్ పాలసీ టెంప్లేట్లు (ఎడ్జ్ నియమాలను గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో చూపించే ఫైళ్లు) దించుకోండి. అందులో ఏడీఎంఎక్స్ ఫైలును విండోస్ ఫోల్డర్‌లోని పాలసీ డెఫినిషన్స్‌లోకి, దాని ఏడీఎంఎల్ ఫైలును అక్కడే ఉన్న ఇంగ్లిష్ భాష ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. రెండోది మరిచిపోతే గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరవగానే ఎర్రర్ వస్తుంది. ఇప్పుడు కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ వరకు వెళ్లండి. యూజర్ కాన్ఫిగరేషన్‌లో కాకుండా కంప్యూటర్ వైపే పెట్టాలి, అప్పుడే ఏ అకౌంట్‌కైనా వర్తిస్తుంది.

ముందు అనుమతి జాబితా నింపండి, మూసే జాబితా తర్వాత. అనుమతి జాబితాలో గవ్ డాట్ ఇన్ అని ఒక్క ముక్క రాస్తే దాని కింద వచ్చే చిరునామాలన్నీ తెరుచుకుంటాయి: మీసేవ, ఈపాస్, భూభారతి, ఆధార్, డిజిలాకర్, టీజీపీఎస్సీ అన్నీ. ఏసీ డాట్ ఇన్ రాస్తే యూనివర్సిటీలు, ఈఏపీసెట్ వస్తాయి. ఎన్‌ఐసీ డాట్ ఇన్ (nic.in), వికీపీడియా డాట్ ఆర్గ్ కూడా చేర్చండి. ముందు చుక్క పెట్టి రాస్తే మాత్రం సరిగ్గా ఆ ఒక్క చిరునామాయే తెరుచుకుంటుంది, దాని కిందివి తెరుచుకోవు. ‘జాబితాలో రాశాం కదా, ఎందుకు రావట్లేదు’ అన్నప్పుడు ముందు చూడాల్సింది ఆ చుక్కనే.

ఇలా చిరునామా తోక పట్టుకుని తెరవడం వల్ల ఇంకో లాభముంది. 2024లో రాష్ట్రం కోడ్ టీఎస్ నుంచి టీజీకి మారినప్పుడు టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది, ఎన్నో సైట్ల చిరునామాలూ మారాయి. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఒక్కో సైటు పూర్తి చిరునామా రాసుకున్న చోట అలాంటప్పుడల్లా జాబితా తిరగరాయాల్సిందే.

అనుమతి జాబితా అయ్యాక ఎడ్జ్ అడ్రస్ బార్‌లో ఎడ్జ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొట్టి, మీ జాబితా ఎర్రర్ లేకుండా కనిపిస్తోందో లేదో చూడండి. ఆ తర్వాతే మూసే జాబితాలో నక్షత్రం గుర్తు ఒక్కటి పెట్టండి. దాంతో మిగతావన్నీ మూతపడతాయి, ఈ పాలసీ పేజీ కూడా మూతపడొచ్చు. అందుకే ముందు చూసుకోమనడం.

సెర్చ్ ఇంజిన్ ఇవ్వాలా అన్నది మీరే ఆలోచించుకోవాలి. ఇవ్వకపోవడమే మంచిదని మా అభిప్రాయం. ఇస్తే చిత్రాలు సెర్చ్ పేజీలోనే కనిపిస్తాయి, జాబితా వాటిని ఆపదు. దానికి బదులు పెద్ద తెలుగు బటన్లున్న ఒక చిన్న పేజీ తయారుచేయించి, కియోస్క్ మొదటి పేజీగా పెట్టండి, దాని చిరునామా జాబితాలో చేర్చండి. ఉచితంగా పేజీలు కట్టుకోనిచ్చే కొన్ని సేవలు లింకును తమ చిరునామా మీదుగా పంపుతాయి. ఆ చిరునామా జాబితాలో లేకపోతే బటన్ పనిచేయదు, కాబట్టి ప్రతి బటన్‌నూ నొక్కి చూడాలి.

దరఖాస్తుల దగ్గర వచ్చే చిక్కులు

సర్టిఫికెట్, రసీదు కొత్త కిటికీలో తెరుచుకునే సైట్లు చాలా ఉన్నాయి. పాప్అప్ ఆగిపోతే బటన్ నొక్కినా ఏమీ జరగనట్టే ఉంటుంది. పాప్అప్‌లు అనుమతించే సైట్ల పాలసీలో గవ్ డాట్ ఇన్ రాసుకునేటప్పుడు దానికి ముందు చదరపు బ్రాకెట్లలో నక్షత్రం, ఆ తర్వాత చుక్క పెట్టాలి. ఇక్కడ రాసే తీరు సైట్ల జాబితాలా ఉండదు.

డౌన్‌లోడ్లు మొత్తం ఆపేస్తే హాల్‌టికెట్ రాదు. ప్రమాదకరమైన ఫైళ్లను మాత్రమే ఆపే ఎంపిక పెట్టి, సెషన్ అయిపోగానే దించినవి చెరిపేసే కియోస్క్ పాలసీ ఆన్ చేయండి. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడం, ఆటోఫిల్, డెవలపర్ టూల్స్, ఎక్స్‌టెన్షన్లు నాలుగూ ఆపేయాలి.

పెన్‌డ్రైవ్ పూర్తిగా ఆపితే ఫొటో, సంతకం అప్‌లోడ్ చేసే దారి ఉండదు. సిస్టమ్ కింద రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్‌లో, రిమూవబుల్ డిస్కులకు ఎగ్జిక్యూట్ నిరాకరించే పాలసీ ఒక్కటే ఆన్ చేయండి. ఫైళ్లు చదవొచ్చు, ప్రోగ్రాములు మాత్రం నడవవు. ఫొటో 50 కేబీ లోపు ఉండాలని ఫారం అడిగితే జనం ఏదో తెలియని సైటుకు తమ ఫొటో ఎక్కించి తగ్గించుకుంటారు. ఆ అవసరం రానివ్వకండి. సిబ్బంది కంప్యూటర్లో పెయింట్ తెరిచి, రీసైజ్‌తో పిక్సెళ్లు తగ్గించి ఇవ్వండి.

ఫీజు కట్టే దగ్గర జాబితా తప్పకుండా అడ్డొస్తుంది. పేమెంట్ గేట్‌వే (ఫీజు డబ్బు తీసుకునే సైటు) చేర్చినా, అక్కడి నుంచి ఒక్కో బ్యాంకు తన సొంత ఓటీపీ పేజీకి తీసుకెళ్తుంది. అన్ని బ్యాంకులూ చేర్చుకుంటూ పోతే జాబితాకు అర్థం ఉండదు. పైగా నలుగురు వాడే మిషన్‌లో కార్డు నంబరు కొట్టడమే మంచిది కాదు. క్యూఆర్ చూపించే గేట్‌వే ఒక్కటి చేర్చి, సొంత ఫోన్‌తో యూపీఐలో కట్టమనండి.

నెట్‌వర్క్

రౌటర్‌లో డీఎన్‌ఎస్‌గా (సైటు పేరును బట్టి దాని చిరునామా వెతికిచ్చే సేవ) క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.3, 1.0.0.3 పెడితే మాల్‌వేర్, అశ్లీల సైట్లు చాలావరకు ఆ దశలోనే ఆగుతాయి. ఇది రెండో గోడ మాత్రమే. ఎవరైనా ఫోన్ కేబుల్ పెట్టి తమ నెట్ ఇస్తే రౌటర్ పక్కకు తప్పుకుంటుంది, మిషన్‌లో పెట్టిన జాబితా మాత్రం అలాగే పనిచేస్తుంది. రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం మరవొద్దు.

డబ్బు తీసుకుని నడిపే నెట్ సెంటర్ అయితే 2011 సైబర్ కేఫ్ నిబంధనలు వర్తిస్తాయి. గుర్తింపు కార్డు చూడాలి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టర్ రాయాలి, లాగ్‌లు కనీసం ఏడాది ఉంచాలి. కియోస్క్ బ్రౌజర్ హిస్టరీ మిగల్చదు కాబట్టి ఆ లాగ్ రౌటర్ దగ్గరో ప్రాక్సీ (నెట్ రాకపోకలన్నీ తన మీదుగా పంపే సర్వర్) దగ్గరో తీయాల్సి ఉంటుంది.

జనానికి ఇచ్చే ముందు

అడ్మిన్‌గా కాకుండా కియోస్క్ అకౌంట్‌లోనే కూర్చుని పరీక్షించండి. జాబితాలో లేని సైటు కొట్టండి. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కండి. స్టిక్కీ కీస్ కిటికీ వస్తే అక్కడి నుంచి సెట్టింగ్స్‌కు దారి ఉంటుంది, ఆ షార్ట్‌కట్ ఆపేయాలి. కంట్రోల్, ఓ నొక్కి సీ డ్రైవ్‌లో ఫైలు తెరుచుకుంటుందేమో చూడండి. డిజిలాకర్‌లో లాగిన్ అయి, ఎండ్ సెషన్ నొక్కి, మళ్లీ అదే సైటుకు వెళ్లండి. పేరు కనిపించకూడదు. చివరగా నడుస్తుండగానే ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి, ఎవరూ ముట్టకుండా మొదటి పేజీ దాకా వస్తుందో లేదో చూడండి.

ఆ తర్వాత ఎప్పుడైనా ఒక్కసారిగా అన్ని సైట్లకూ భద్రత హెచ్చరికలు వస్తుంటే జాబితా జోలికి పోకముందు కింద మూలన తేదీ చూడండి. కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్తోందంటే మదర్‌బోర్డు బటన్ సెల్ అయిపోయినట్టే, తేదీ తప్పితే సైట్ల భద్రత సర్టిఫికెట్లు చెల్లవు. ఎక్కువ బోర్డుల్లో ఉండేది సీఆర్ 2032. అది మార్చి, తేదీ సరిచేసి, బయోస్ పాస్‌వర్డూ బూట్ వరుసా అలాగే ఉన్నాయో లేదో చూసుకుని, క్యాబినెట్‌కు మళ్లీ తాళం వేయండి.