మేడ మీద తోట, గోడ మీద మొక్కలు: ఎక్కడ తేడా వస్తే ఏం చూడాలి

శ్లాబ్ కింద చెమ్మ కనిపిస్తోందా?

అందరూ ముందు మొక్కల్నే తిడతారు. కానీ కారేది ఎక్కువగా పిట్టగోడ మూలల్లో, పైపులు శ్లాబ్‌లోంచి దిగే చోట, డ్రెయిన్ నోటి దగ్గర. పైగా మరక ఉన్నచోటే లీకు ఉండాలని లేదు, వాటర్‌ప్రూఫింగ్ పొర కిందికి దూరిన నీళ్లు పక్కకి పాకి ఇంకెక్కడో తేలతాయి. అందుకే టెన్షన్ పడి తోటంతా తవ్విపోయకండి. అంచుల వెంబడి మట్టి తీసి, ఆ పొర మట్టి మట్టం కంటే ఓ 15 సెంటీమీటర్లు పైదాకా గోడకి ఎక్కిందా, అతుకులు ఊడాయా చూడండి. అతుకు ఊడితే అంతవరకే బాగు చేయించుకోవచ్చు. వేర్లు పొరని చీల్చుకుని దిగితే మాత్రం పైపూతలతో లాభం లేదు: అక్కడ పొర మార్చి, మీద రూట్ బారియర్ (వేర్లు దిగకుండా ఆపే షీటు) వేయాల్సిందే. వెదురు జోలికి పోవద్దు. పక్షి రెట్టలోంచి మొలిచిన రావి, మర్రి మొలకల్ని రెండాకులప్పుడే వేరుతో పీకేయాలి, తుంచి వదిలేస్తే మళ్లీ చిగురిస్తాయి.

వాన వెలిశాక కూడా నీళ్లు నిలుస్తున్నాయా?

డ్రెయిన్ మీద ఆకులు తీయండి, చుట్టూ అడుగు మేర మొక్కల్లేకుండా గులకరాళ్లు పోయండి. అయినా నిలిస్తే, సన్నటి బంకమట్టి, మట్టి కింద నీళ్లు వడకట్టే ఫిల్టర్ గుడ్డని మూసేసిందన్నమాట. నేల తోటలో మట్టి తెచ్చి మేడ మీద పోస్తే జరిగేది ఇదే. అది బరువు కూడా: 10 సెంటీమీటర్ల మందాన తడిసిన మట్టి చదరపు మీటరుకి 150 కిలోలు దాటుతుంది. ప్యూమిస్, పెర్లైట్ లాంటి తేలికైన, బోలు రాతి గుళ్లు కలిపిన తేలిక మిశ్రమానికి మారండి, మందం పెంచాలనిపిస్తే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడగండి.

గోడ తోటలో పైవరస ఎండి, కిందివరస కుళ్లుతోందా?

నీళ్లన్నీ కిందికే జారతాయి కదా. ఎక్కువసేపు ఒకేసారి పెట్టే బదులు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి, పైవరసలకి వేరే లైన్ ఇవ్వండి, తడిని ఇష్టపడేవాటిని కిందికి మార్చండి. మధ్యలో ఒక్క మొక్కే వాడిపోతే దాని డ్రిప్పర్ (చుక్కచుక్కగా నీళ్లు వదిలే ముక్కు) చూడండి: నోటి దగ్గర తెల్లగా, గరుగ్గా పేరుకున్నది నీళ్లలోని సున్నం. వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది. మోటారు దగ్గర ఫిల్టర్ కూడా కడగండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

తీగ గోడ పెచ్చులూడగొడుతోందా?

గోడలో పగుళ్లు ముందే ఉంటే అతుక్కునే తీగలు వాటిలోకే వేళ్లు పెడతాయి. పచ్చిగా ఉన్నప్పుడు లాగితే ప్లాస్టరింగ్ కూడా ఊడొస్తుంది. మొదలు దగ్గర కోసి, ఎండనిచ్చి, ఆ తర్వాత మెల్లగా తీయండి. మళ్లీ పెట్టేటప్పుడు చుట్టుకునే రకం తెచ్చి, గోడకి కాస్త ఎడంగా కట్టిన వైర్ల మీదికి ఎక్కించండి.