కలంకారీ నల్ల గీత పాకుతోందా? నాకు పనిచేసింది ఇది

తిరుపతిలో ప్రదర్శనకు నాలుగు రోజులే ఉంది. అరచేయంత శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మలు పన్నెండు పూర్తి కావాలి. కలం ఆనించగానే బెల్లం, ఇనుము ఊరబెట్టిన నల్ల రంగు గుడ్డ మీద పాకిపోయేది. కలం మార్చాను, ఇస్త్రీ చేశాను, రంగు చిక్కబరిచాను, లాభం లేదు.

గీసేముందు గుడ్డను ముంచడానికి, తొందరలో కరక్కాయ పొడిని పల్చటి ప్యాకెట్ పాలలో కలిపానని అప్పుడు గుర్తొచ్చింది. కొత్త గాడా (ముతక నూలు) గుడ్డను గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టాను. కాచని చిక్కటి ఎనుము పాలలో కరక్కాయ పొడి కలిపి, వడగట్టి, గుడ్డను ముంచి అంతటా సమంగా పట్టేలా పిసికాను. అమ్మ ఒక కొస పట్టుకుంటే గట్టిగా పిండాం. పూర్తిగా ఎండాకే గీశాను. గీత నిలిచింది! పాలలోని కొవ్వే రంగును పాకకుండా ఆపుతుంది.

వానాకాలంలో, వేరే నేత గుడ్డ మీద ఇలాగే వస్తుందని చెప్పలేను. ముందు చిన్న ముక్క మీద గీసి చూడండి.