మున్సిపల్ ఆఫీసులో మెంటర్ కావాలా?
స్థానిక పాలనలో కెరీర్ అనుకునే స్టూడెంట్స్ చాలామంది మెంటర్ కోసం నేరుగా కమిషనర్‌కో మేయర్‌కో మెయిల్ పెట్టేస్తుంటారు, దానికి జవాబు రావడం కష్టం. ప్లానింగ్, అకౌంట్స్, నీటి సరఫరా విభాగాల్లో మధ్య స్థాయిలో ఉన్నవాళ్లను పట్టుకోండి, ఫైలు నడిపేది వాళ్లే. ముందు కౌన్సిల్ అజెండా, బడ్జెట్ చదవండి (బోర్ కొడుతుంది, అయినా సరే). అందులో ఒక్క పద్దు తీసుకుని, "డ్రైనేజీ కేటాయింపు సవరించిన అంచనాల్లో ఎందుకు తగ్గింది సార్?" అన్నట్టు అడిగి, మాట్లాడటానికి ఒక పావుగంట ఇమ్మనండి. మొదటి మెయిల్‌లోనే "నాకు మెంటర్‌గా ఉంటారా" అంటే ఎవరైనా జంకుతారు. ఆర్థిక సంవత్సరం ముగిసే రోజుల్లో మాత్రం అడగొద్దు, బిల్లుల హడావిడిలో మీ మెయిల్ ఎవరూ తెరవరు. రిటైరైన అధికారులనూ వదలకండి, వాళ్లకు తీరిక ఉంటుంది, పైగా మొహమాటం లేకుండా చెబుతారు.