సమోవా పల్లెలో నాలుగు రోజులు నిదానంగా ఉండాలంటే

పసిఫిక్ సముద్రంలోని దీవుల దేశం సమోవా వెళ్తే రాజధాని అపియా హోటల్లోనే ఆగిపోకండి, సవాయి దీవికి వెళ్ళండి. అపియా ఉన్న ఉపోలు దీవిలోని ములిఫనువా రేవులో ఫెర్రీ ఎక్కితే గంట, గంటన్నరలో సవాయిలోని సలేలొలోగా రేవులో దిగుతారు. మే నుంచి అక్టోబర్ దాకా వానలు తక్కువ. దీవంతా చుట్టేద్దామనే ఆలోచన మాత్రం మానుకుని ఒకే ఊళ్ళో ఉండండి, ఎందుకంటే అక్కడ పనులు ఎండా వానలను బట్టి సాగుతాయి, మీరు తొందరపడితే ఏమీ కనిపించదు.

సవాయి ఉత్తర తీరంలోని మనాసే ఊళ్ళో ఫలేలు అద్దెకిస్తారు. ఫలే అంటే గోడల్లేని ఇల్లు, స్తంభాల మీద కప్పు, వానొస్తే దించుకునే తెరలు. చాలాచోట్ల రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ అద్దెలోనే కలిసుంటాయి. శాకాహారులైతే ముందే చెప్పండి. లేత చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి, మూటకట్టి, కాలిన రాళ్ళ మీద వండే పలుసామి మనకు బాగా నచ్చుతుంది, కానీ కొందరు అందులో డబ్బా మాంసం కలుపుతారు, అడిగి తినండి.

సాయంత్రం ప్రార్థన వేళను 'సా' అంటారు. శంఖమో గంటో వినిపిస్తే రోడ్డు మీద నడవకుండా ఆగిపోండి. కూర్చున్నవాళ్ళ ముందు నుంచి వెళ్ళాల్సివస్తే కాస్త వంగి 'తులౌ' అనండి, ఎవరివైపూ కాళ్ళు చాపకండి. ఊళ్ళో లావాలావా కట్టుకోండి, అది మన లుంగీ లాంటిదే. ఆదివారం చర్చి, విందు, విశ్రాంతి, అంతే. ఈత కొట్టొచ్చో లేదో ఇంటివాళ్ళను అడగండి.

ఇక నా దృష్టిలో అసలు చూడాల్సింది సియాపో, అంటే చెట్టు బెరడుతో చేసే బట్ట. దీనికి సవాయిలోనే ఉన్న పలౌలి ప్రాంతం పేరుపొందింది. కాగితపు మల్బరీ కొమ్మ బెరడు ఒలిచి, లోపలి పొరను వేరుచేసి, గవ్వచిప్పలతో గీకి, చెక్క దిమ్మె మీద పెట్టి కొడుతుంటే సన్నని పట్టీ కాస్తా కళ్ళముందే వెడల్పవుతుంది. చిరుగులకు దుంప పిండితో అతుకులు వేసి, ఆరాక చెక్కిన పలక మీద పరిచి ఎర్రమట్టి, బెరడు రంగులు రుద్దుతారు. కొట్టడం మీరూ అడిగి ప్రయత్నించండి, మణికట్టుకు ఎంత పనో తెలుస్తుంది.

మొగలి జాతి ఆకును సన్నగా చీల్చి అల్లే 'ఇయె తోగ' చాపలకు నెలలు పడుతుంది. 2019లో యునెస్కో ఈ కళను తన వారసత్వ జాబితాలో చేర్చింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో, పెద్దరికం కట్టబెట్టే వేడుకల్లో ఇచ్చిపుచ్చుకునే గౌరవ వస్తువులివి, కాబట్టి ఇంట్లో కనిపించినదానికి రేటు అడగకండి. సియాపో కొనాలనుకుంటే చేసినవాళ్ళ దగ్గరే, బేరమాడకుండా కొనండి. తిరుగు ప్రయాణం న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా ముందే చూసుకోండి, అక్కడ ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్ళేవాళ్ళు బెరడు, ఆకు వస్తువులను ఆ దేశపు డిక్లరేషన్ ఫారంలో తప్పక రాయాలి.