బోరు నీళ్ల హార్డ్‌నెస్ ఇంట్లోనే ఎట్టా చూసుకోవాలి
కనిగిరి, ఉదయగిరి వైపు బోరు నీళ్లతో పప్పు ఓ పట్టాన ఉడకదు, గిన్నెలకి తెల్లగా గార కడతా ఉంటది, నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అంతే, దీన్నే హార్డ్‌నెస్ అంటారు. ముందు సబ్బుతో చూడండి. మూత ఉన్న సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, మామూలు ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి బాగా గిలక్కొట్టండి, ఇంకో సీసాలో వాన నీళ్లతో ఇదే చేసి పక్కన పెట్టుకుంటే తేడా తెలిసిపోతది, నురగ రాకుండా నీళ్లు పాలలాగా తెల్లబడితే హార్డ్ వాటరే. డిటర్జెంట్ పౌడర్ వేయబాకండి, అది హార్డ్ వాటర్‌లో కూడా నురగ ఇస్తది.

టీడీఎస్ మీటర్ మీద మాత్రం పూర్తిగా ఆధారపడొద్దు, అది కరిగిన లవణాలన్నీ కలిపి అంచనా చెప్తది, హార్డ్‌నెస్ విడిగా చెప్పదు, ఎక్కువైతే పళ్లు, ఎముకలు పాడుచేసే ఫ్లోరైడ్ సంగతి అసలే చెప్పదు. మనవైపు అసలు భయపడాల్సింది ఫ్లోరైడ్‌కే. కాచితే కొంత హార్డ్‌నెస్ తగ్గుతది గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతది. అందుకే శుభ్రమైన బాటిల్‌లో పట్టి ల్యాబ్‌లో ఇచ్చి ఈ రెండూ రాయించుకోండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్కలో హార్డ్‌నెస్ లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా, ఫ్లోరైడ్ 1 లోపు, 1.5 దాటితే మాత్రం ఆ నీళ్లు తాగొద్దు, పిల్లలకి అసలే తాగించొద్దు.