‘ఆధారం: గూగుల్’ అని రాయకండి

నా సిద్ధాంత గ్రంథంపై మౌఖిక పరీక్ష జరిగిన రోజు, బయటి నుంచి వచ్చిన పరీక్షకులు ఒక్క బొమ్మ దగ్గర ఆగిపోయారు. దాని కింద ‘అమరావతి శిల్పం. ఆధారం: గూగుల్’ అని ఉంది. “ఈ రాయి ఇప్పుడు ఎక్కడుందమ్మా?” అన్నారు. అమరావతిలోనే ఉందని ధీమాగా చెప్పాను. “లండన్‌లో ఉంది” అని పేజీ తిప్పారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇప్పుడు చరిత్ర పాఠాలు చెబుతున్నాను. విద్యార్థి ఎవరు బొమ్మ తెచ్చినా రెండు ప్రశ్నలు వేస్తాను. వస్తువు ఎక్కడుంది? ఫొటో ఎవరు తీశారు? బొమ్మ కింద రెండు జవాబులూ వేర్వేరుగా రాయాలి. గూగుల్ వెతికి పెట్టింది అంతే. వస్తువూ దానిది కాదు, ఫొటో కూడా దానిది కాదు.

అమరావతి స్తూపం రాళ్లు చెల్లాచెదురైపోయాయి. కొన్ని ఊళ్లోని మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరులో, నూరుకు పైగా బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కాబట్టి మ్యూజియం పేరొక్కటే చాలదు, నమోదు సంఖ్య కూడా కావాలి. నన్ను పట్టించిన పలక సంఖ్య 1880,0709.79. దానితో ఇంకో తిరకాసుంది. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి చెక్కడం: చెట్టు, ఖాళీ ఆసనం, మొక్కుతున్న జనం. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. సంఖ్య ఒకటే, కాలాలు రెండు. ఏ ముఖమో చెప్పకపోతే తేదీ తప్పినట్టే. ఈ రోజు రాయాల్సి వస్తే ఇలా రాస్తాను:

చిత్రం 2.3. చెక్కిన పలక, స్తూపం ఉన్న ముఖం. అమరావతి, సున్నపురాయి, క్రీ.శ. 3వ శతాబ్దం. బ్రిటిష్ మ్యూజియం, లండన్, 1880,0709.79. ఫొటో: బ్రిటిష్ మ్యూజియం ధర్మకర్తలు, క్రియేటివ్ కామన్స్ బై-ఎన్‌సీ-ఎస్‌ఏ 4.0.

2.3 అంటే రెండో అధ్యాయంలో మూడో బొమ్మ. బొమ్మ రాకముందే వాక్యంలో ‘చిత్రం 2.3 చూడండి’ అని ఉండాలి. ‘పై బొమ్మలో’ అని రాస్తే, పేజీలు సర్దేటప్పుడు అది కిందికో, పక్క పేజీకో పోతుంది.

ఈ వివరాలు ఎక్కడ పెట్టాలన్నది మీ పరిశోధన పత్రిక పాటించే శైలిని బట్టి ఉంటుంది. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి ఏడో కూర్పులో సంఖ్య, శీర్షిక బొమ్మకు పైన, మూలం కింద. ఎమ్ఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) శైలిలో అన్నీ కిందే. మీ పత్రిక నియమాలు చదవకుండా మొదలుపెట్టకండి.

క్రియేటివ్ కామన్స్ అంటే కొన్ని షరతులతో ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్సు. అందులోని ‘ఎన్‌సీ’ వ్యాపారానికి వాడవద్దని చెబుతుంది. సిద్ధాంత గ్రంథానికి ఇబ్బంది లేదు. దాన్నే పుస్తకంగా వేసి అమ్మాలంటే విడిగా అనుమతి అడగాలి. వికీమీడియా కామన్స్ అనే ఉచిత బొమ్మల సైటు నుంచి తీసుకున్న బొమ్మ అయితే ఫైలు పేజీ తెరిచి, ఫొటో తీసిన వారి పేరు, లైసెన్సు రెండూ రాసుకోండి. శిల్పం రెండు వేల ఏళ్లదైనా ఫొటో కొత్తది కావచ్చు. మన చట్టం ప్రకారం ఫొటో హక్కు అది ప్రచురితమైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అనుమతి ఇచ్చిన ఈమెయిళ్లు దాచుకోండి, సంపాదకులు అడుగుతారు.

సొంత ఫొటోకూ ఆధారం రాయాల్సిందే: ‘ఫొటో: రచయిత’, స్థలం, తేదీ. అంచులు కత్తిరించినా, బాణం గుర్తు చేర్చినా ఆ సంగతి చెప్పండి. జీవశాస్త్రం వాళ్లు సూక్ష్మదర్శినిలో తీసిన బొమ్మ కింద ‘400 రెట్లు’ అని రాసి ఊరుకుంటారు. బొమ్మను చిన్నది చేయగానే ఆ అంకె అబద్ధమవుతుంది. బొమ్మలోనే కొలత గీత వేస్తే, దానితోపాటు అదీ తగ్గుతుంది.

సంఖ్యలు చేత్తో టైపు చేయకండి. నేను చివరి రాత్రి ఒక్క బొమ్మ తీసేసి, మిగతా వాటి సంఖ్యలు తెల్లారేదాకా మార్చుకుంటూ కూర్చున్నాను. వర్డ్‌లో రిఫరెన్సెస్ కింద ‘ఇన్సర్ట్ క్యాప్షన్’ నొక్కితే సంఖ్య అదే వేస్తుంది. వాక్యంలోకి ‘క్రాస్ రిఫరెన్స్’ ద్వారా తెచ్చుకోండి. బొమ్మ తీసేశాక కంట్రోల్, ఎ నొక్కి, ఆ పైన ఎఫ్9 నొక్కితే అన్నీ సర్దుకుంటాయి. ముందు పేజీల్లోని చిత్రాల పట్టిక కూడా అంతే.

ఇచ్చే ముందు ఒక ప్రతిని నలుపు తెలుపులో అచ్చు తీయించి చూడండి. మొన్న ఒక అమ్మాయి ‘ఎర్ర బాణం చూపే చోట’ అని రాసింది. జిరాక్సు కొట్టు నుంచి వచ్చిన నాలుగు ప్రతుల్లోనూ బాణం బూడిద రంగులో, రాతిలో కలిసిపోయి ఉంది.