క్లౌడ్ ఆస్తుల పట్టిక, 3వ పాఠం: కనబడని వరుసను చెరిపేయొద్దు

క్లౌడ్‌లో మన పేరిట ఉన్న మెషిన్లు, డిస్కులు, అడ్రసుల్లాంటి ఆస్తులన్నిటినీ ఒక పట్టికలో రాసుకునే ప్రోగ్రామ్‌ను ఈ పాఠాల్లో కడుతున్నాం. కిందటి పాఠం ముగిసేసరికి మన చేతికి రెండు వచ్చాయి: అకౌంట్ల జాబితా, ప్రతి అకౌంట్‌లోనూ చూడటానికి మాత్రమే వీలిచ్చే రోల్ (ప్రోగ్రామ్ లోపలికి వెళ్లడానికి వాడే గుర్తింపు). అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఆ రోల్‌కు రీడ్‌ఓన్లీయాక్సెస్ బదులు వ్యూఓన్లీయాక్సెస్ పాలసీ (అనుమతుల జాబితా) తగిలించాం. మొదటిది ఇస్తే ఎస్3 అనే స్టోరేజ్ బకెట్లలోని ఫైళ్లను తెరిచి చదివే హక్కు కూడా వచ్చేస్తుంది. ఎక్కడ ఏమున్నాయో రాసుకునే ప్రోగ్రామ్‌కు లోపలి సరుకుతో పని లేదు.

ఈసారి ఆ రోల్‌తో లోపలికి వెళ్లి, కనబడ్డవన్నీ పట్టికలోకి ఎక్కిస్తాం. ఎక్కించడం ఒక పూటలో అయిపోయే పని. నిన్న ఉండి ఇవాళ కనబడని వాటిని ఏం చేయాలన్నదే అసలు చిక్కు. పాఠంలో ఎక్కువ భాగం దానికే.

ముందు ఒక్కో వరుసకు గుర్తు ఏదో తేల్చుకుందాం. ఆఫీసు నెట్‌వర్క్‌లోనైతే ఐపీ అడ్రసులన్నిటికీ పింగ్ కొట్టి, పలికిన ప్రతిదాన్నీ ఒక ఆస్తిగా రాసుకునేవాళ్లం. క్లౌడ్‌లో అది కుదరదు. మెషిన్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే, ఎలాస్టిక్ ఐపీ (మారకుండా మన దగ్గరే ఉంచుకునే అడ్రసు) తగిలించి ఉంటే తప్ప, పబ్లిక్ అడ్రసు మారిపోతుంది. పాతది రేపు ఇంకెవరి చేతికైనా వెళ్లొచ్చు. నేమ్ ట్యాగ్‌నూ (మెషిన్‌కు మనం తగిలించే పేరు చీటీని) నమ్మలేం. ఒకే పేరు పది మెషిన్లకు పెట్టొచ్చు, ఎప్పుడంటే అప్పుడు మార్చొచ్చు. మారనిది ఐడీ ఒక్కటే. 12 అంకెల అకౌంట్ నంబరు, రీజియన్ (డేటా సెంటర్లున్న ప్రాంతం), ఐడీ అన్నీ సాధారణంగా ఒకే పేరులో ఉండే ఏఆర్‌ఎన్‌ను (అమెజాన్ రిసోర్స్ నేమ్‌ను) కీగా పెట్టుకోండి.

ఇక తిరిగే దారి. డిస్క్రైబ్ ఇన్‌స్టాన్సెస్ (మెషిన్ల వివరాలు చెప్పు) అని అడిగితే మీరు అడిగిన ఒక్క రీజియన్‌కే జవాబు వస్తుంది. కాబట్టి ముందు రీజియన్ల జాబితా అడగాలి, అదీ ప్రతి అకౌంట్‌లో, ప్రతిసారీ. 2019 మార్చి 20 తర్వాత వచ్చిన రీజియన్లు మనం ఆన్ చేసేదాకా ఆఫ్‌లోనే ఉంటాయి. ఒక అకౌంట్‌లో ఆన్ అయినది పక్క అకౌంట్‌లో ఆన్ అయి ఉండాలని లేదు. జాబితాను కోడ్‌లో రాసి పెట్టేస్తే, ఎవరో కొత్త రీజియన్ తెరిచిన రోజు నుంచీ అక్కడ జరిగేదేదీ మీకు తెలియదు.

ఒక అకౌంట్, ఒక రీజియన్, ఒక రకం వనరు (మెషిన్, డిస్కు లాంటివి). ఈ మూడూ కలిస్తే ఒక గడి అనుకుందాం. ప్రతి గడికీ జవాబు పేజీలుగా వస్తుంది. నెక్స్ట్ టోకెన్ (తర్వాతి పేజీ అడగడానికి ఇచ్చే గుర్తు) ఉన్నంతసేపూ అడుగుతూనే ఉండాలి. కొన్ని సర్వీసుల్లో పేజీ ఖాళీగా వచ్చి కూడా టోకెన్ ఉంటుంది. పేజీలో ఏమీ లేదని ఆగిపోకండి, టోకెన్ లేదని ఆగండి.

ఇక్కడ దగ్గరి దారి ఒకటి ఊరిస్తుంది. రిసోర్స్ గ్రూప్స్ ట్యాగింగ్ ఏపీఐ అన్ని రకాల వనరులనూ ఒకేచోట ఇస్తుంది కదా అనిపిస్తుంది. కానీ అది ఇచ్చేది ట్యాగ్ ఉన్నవాటిని, లేదా ఒకప్పుడు ఉన్నవాటిని మాత్రమే. పుట్టినప్పటి నుంచీ ట్యాగే లేని వనరు అందులోకి రాదు. మనం వెతుకుతున్నదే అలాంటి దిక్కులేని వాటి కోసం.

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో రిసోర్స్ గ్రాఫ్‌ను ఒక్క ప్రశ్న అడిగితే చాలా సబ్‌స్క్రిప్షన్ల (అక్కడి అకౌంట్ల లాంటివాటి) సమాచారం వస్తుంది, గరిష్ఠంగా 1000 వరుసలకో పేజీ చొప్పున. సులువే, కానీ మీకు అనుమతి లేని సబ్‌స్క్రిప్షన్ గురించి అది ఎర్రర్ ఇవ్వదు, ఊరుకుంటుంది. జవాబులో వచ్చిన సబ్‌స్క్రిప్షన్లను మీ దగ్గరున్న జాబితాతో సరిపోల్చి, తప్పిపోయిన దాన్ని మీరే పట్టుకోవాలి.

నేను రాసిన మొదటి స్కానర్ సరిగ్గా ఇక్కడే దెబ్బతింది. ఒక అకౌంట్‌లో రోల్‌ను ఎవరో తీసేశారు. యాక్సెస్ డినైడ్ వచ్చింది. నా కోడ్ ఆ ఎర్రర్‌ను పట్టుకుని లాగ్‌లో ఒక లైన్ రాసి, ఖాళీ జాబితా తిరిగి ఇచ్చింది. జాబితా ఖాళీ అంటే మెషిన్లన్నీ పోయాయని లెక్క. అన్నిటికీ ‘తొలగించారు’ అని ముద్ర పడింది. బ్యాకప్ ప్రోగ్రామ్ ఆ పట్టికనే చదివేది. నడుస్తున్న సర్వర్లకు మూడు రాత్రులు బ్యాకప్ ఆగిపోయాక గానీ మాకు తెలియలేదు. చూడలేకపోవడం వేరు, చూసినా లేకపోవడం వేరు. ఆ రోజు నుంచీ ఈ రెండింటికీ వేర్వేరు పట్టికలు పెట్టడం మొదలుపెట్టాను.

మీరూ అలాగే పెట్టండి. మొదటిది ఆస్తుల పట్టిక: ఏఆర్‌ఎన్, రకం, మొదట చూసిన సమయం, చివర చూసిన సమయం, స్థితి, ఏ టీమ్‌ది. రెండోది స్కాన్ల పట్టిక: గడి, మొదలైన సమయం, ముగిసిన సమయం, ఎన్ని పేజీలు, ఎన్ని వనరులు, ఫలితం. ఫలితం ‘పూర్తి’ కావాలంటే చివరి పేజీ దాకా ఎర్రర్ లేకుండా చదివి ఉండాలి. మధ్యలో తెగితే ‘విఫలం’.

వరుస స్థితిని మార్చే హక్కు పూర్తయిన గడికే ఇవ్వండి. గడి పూర్తయి, అందులో ఉండాల్సిన వనరు రాకపోతే ‘కనబడలేదు’. వరుసగా రెండు పూర్తి స్కాన్లలో రాకపోతే ‘తొలగించారు’. గడి విఫలమైతే ఆ వరుసలను ముట్టుకోకండి. రీజియన్ల జాబితాకే జవాబు రాకపోతే ఇంకో ప్రమాదం ఉంది: గళ్లే పుట్టవు, కాబట్టి విఫలమైన గళ్లూ ఉండవు, రిపోర్టు శుభ్రంగా కనిపిస్తుంది. అలాంటప్పుడు కిందటిసారి గళ్లను తీసుకుని అన్నిటికీ ‘విఫలం’ రాయాలి.

‘తొలగించారు’ అని రాసేముందు క్లౌడ్‌ట్రెయిల్‌ను (ఏడబ్ల్యూఎస్‌లో ఎవరు ఏం చేశారో రాసుకునే సర్వీసును) ఒకసారి అడగండి. 90 రోజుల ఈవెంట్ హిస్టరీ అడక్కుండానే ఉంటుంది. టెర్మినేట్ ఇన్‌స్టాన్సెస్ పిలుపు ఎవరు, ఏ నిమిషాన పంపారో అందులో దొరుకుతుంది. ఆ రెండు వివరాలూ వరుసలోకి ఎక్కించండి. గూగుల్ క్లౌడ్‌లోనైతే క్లౌడ్ అసెట్ ఇన్వెంటరీ 35 రోజుల వెనకటి స్థితిని చూపిస్తుంది.

తొలగించినదాని వరుసనైనా ఎందుకు దాచుకోవాలి? ఒక డిస్కు కథ చూడండి. సోమవారం స్కాన్‌లో ఒక మెషిన్, దానికి రెండు డిస్కులు ఉన్నాయి. మంగళవారం ఎవరో మెషిన్‌ను టెర్మినేట్ చేశారు. రూట్ డిస్కు సాధారణంగా మెషిన్‌తోపాటే పోతుంది. తర్వాత విడిగా తగిలించిన డిస్కు సాధారణంగా మిగిలిపోతుంది. బుధవారం దాని స్థితి ‘ఇన్ యూజ్’ నుంచి ‘అవైలబుల్’కు మారింది. వినడానికి బాగున్నా, ఏ మెషిన్‌కూ తగిలి లేదని, బిల్లు మాత్రం నడుస్తోందని దాని అర్థం. డిస్కుకు ట్యాగ్ లేదు. ఇంతకుముందు ఏ మెషిన్‌కు ఉండేదో ఆ డిస్కు వివరాల్లో ఇక కనబడదు, అటాచ్‌మెంట్ల చోటు ఖాళీ. సోమవారం మీరు రాసుకున్న వరుస ఒక్కటే చెప్పగలదు: ఈ డిస్కు ఫలానా మెషిన్‌ది, ఆ మెషిన్ ఫలానా టీమ్‌ది. ఆ మెషిన్ వరుసను మంగళవారమే చెరిపేసి ఉంటే అడగడానికి ఎవరూ ఉండరు.

అందుకే ఆస్తుల పట్టికలో ‘చివరిసారి తగిలి ఉన్నది’ అని ఇంకో కాలమ్ కలపండి. కొత్త విలువ ఖాళీగా వస్తే పాతదాన్ని అలాగే ఉంచాలి. ఎలాస్టిక్ ఐపీలకూ ఇదే పద్ధతి. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఏడబ్ల్యూఎస్ పబ్లిక్ ఐపీవీ4 అడ్రసు దేనికైనా, వాడినా వాడకపోయినా, గంటకు 0.005 డాలర్లు తీసుకుంటోంది.

రద్దీని బట్టి వాటంతటవే పుట్టి, గంటో రెండు గంటలో బతికే ఆటో స్కేలింగ్ మెషిన్లు రోజుకోసారి చేసే స్కాన్‌కు చిక్కవు. వాటి గ్రూపును ఆస్తిగా రాసుకోండి, ప్రస్తుతానికి చాలు.

అభ్యాసం: టెస్ట్ అకౌంట్‌లో ఒక చిన్న మెషిన్ తెరిచి, దానికి విడిగా 1 జీబీ డిస్కు తగిలించి స్కాన్ చేయండి. రోల్ నుంచి పాలసీని తీసేసి మళ్లీ స్కాన్ చేయండి: ఆస్తుల పట్టికలో ఒక్క అక్షరం కూడా మారకూడదు, గళ్లన్నీ ‘విఫలం’ చూపాలి. పాలసీ తిరిగి పెట్టి, మెషిన్‌ను టెర్మినేట్ చేసి, ఒక రోజు తేడాతో రెండు స్కాన్లు నడపండి. డిస్కు వరుస నుంచి మొదలుపెట్టి టీమ్ పేరు దాకా చేరగలుగుతున్నారా చూడండి. చేరాక ఆ డిస్కును తొలగించండి.

4వ పాఠంలో స్కాన్ కోసం ఆగకుండా, మెషిన్ పుట్టిన క్షణాన్నే ఈవెంట్‌బ్రిడ్జ్ (మార్పు జరగ్గానే కబురు పంపే ఏడబ్ల్యూఎస్ సర్వీసు) ద్వారా పట్టుకుని ఇదే పట్టికలోకి ఎక్కిస్తాం.